ఖాళీ తూటాకు దారి విడవండి!

రైఫిల్ మీద స్కోప్ బిగించడం చూడ్డానికి నాలుగు స్క్రూల పని. దాని వెనక మాత్రం వందేళ్లకు పైబడిన పేచీ ఉంది. తూటా పేలాక మిగిలే ఇత్తడి తొడుగు ఏ దిక్కున బయటికి ఎగురుతుందన్నదే ఆ పేచీ. అమెరికా వేట తుపాకుల నుంచి అమేఠీలో తయారవుతున్న ఏకే-203 దాకా అన్ని రైఫిళ్లదీ ఇదే కథ.

బ్రిటిష్ సైన్యం 1985లో ఎల్‌85 అనే కొత్త రైఫిల్‌కు మారింది. మ్యాగజైన్ ట్రిగ్గర్‌కు వెనక ఉండే బుల్‌పప్ డిజైన్. పైన దృశ్యాన్ని నాలుగు రెట్లు చేసి చూపించే సుసాట్ స్కోప్. కాగితం మీద అంతా బాగానే ఉంది. సైనికుల చేతుల్లోకి వెళ్లాక జామ్ అవుతోందన్న ఫిర్యాదులు మొదలై ఎంతకీ ఆగలేదు. చివరికి జర్మన్ కంపెనీ హెక్లర్ అండ్ కాక్ 2000 ప్రాంతంలో ఆ రైఫిళ్లను విప్పి లోపలి భాగాలను చాలావరకు మార్చింది. ఎల్‌85ఏ2గా తిరిగొచ్చిన రైఫిల్‌ను బయటి నుంచి చూస్తే వెంటనే కంట్లో పడే తేడా ఒకటే. బోల్టును వెనక్కి లాగే పిడి కామా ఆకారంలోకి మారింది.

ఆ వంపు అలంకారానికి పెట్టింది కాదు. ఆ పిడి, ఖాళీ తొడుగు బయటికొచ్చే కిటికీ రెండూ కుడివైపే ఉంటాయి. పాత పిడికి తగిలిన తొడుగు ఎగిరి మళ్లీ రైఫిల్ లోపలికే వచ్చే అవకాశం ఉండేది. కామా వంపు దాన్ని అవతలికి తోసేస్తుంది. ఒక దేశం సైన్యం ప్రధాన ఆయుధాన్ని దారిలో పెట్టే పనిలో బొటనవేలంత ఇనుప ముక్క ఆకారం కూడా లెక్కలోకి వచ్చింది.

పిడి సంగతే ఇలా ఉంటే, తొడుగు బయటికొచ్చే కిటికీకి సరిగ్గా పైన ఒక లోహపు పట్టీ, దాని మీద అరకిలో స్కోప్ బిగిస్తే ఏమవుతుంది? సైనిక రైఫిళ్ల డిజైనర్లను తరతరాలుగా వేధించిన ప్రశ్న ఇది.

సెకనులో పదో వంతు

తూటా అని మనం అనేదాంట్లో ముందుకు దూసుకెళ్లేది బుల్లెట్ ఒక్కటే. మందు నింపిన ఇత్తడి లేదా ఉక్కు తొడుగు గొట్టం వెనక చివరనుండే చాంబర్‌లోనే మిగిలిపోతుంది. తర్వాతి తూటా రావాలంటే అది ఖాళీ చేయాలి. బోల్ట్ వెనక్కి కదిలేటప్పుడు ఎక్స్‌ట్రాక్టర్ అనే కొక్కెం తొడుగు అంచును పట్టి లాగుతుంది. వెనక్కి వస్తున్న తొడుగుకు రెండోపక్క ఎజెక్టర్ తగులుతుంది. ఒక పక్క పట్టు, రెండో పక్క దెబ్బ. దాంతో తొడుగు గిర్రున తిరిగి కిటికీలోంచి బయటికి ఎగిరిపోతుంది.

నిమిషానికి 600 తూటాలు పేల్చే రైఫిల్‌లో ఈ తతంగం మొత్తానికి దొరికేది సెకనులో పదో వంతు. పేలడం, బోల్ట్ వెనక్కి వెళ్లడం, తొడుగు ఎగరడం, బోల్ట్ ముందుకొచ్చి కొత్త తూటాను తోయడం అన్నీ అందులోనే జరగాలి. ఆర్టీసీ బస్సులో దిగేవాళ్లు దిగకముందే ఎక్కేవాళ్లు తోసుకొస్తే తలుపు దగ్గర ఎలా ఇరుక్కుపోతారో, ఎగరాల్సిన తొడుగు దేనికో తగిలి వెనక్కొస్తే రైఫిల్‌లోనూ అదే జరుగుతుంది. ముందుకొస్తున్న బోల్ట్ దాన్ని కిటికీ అంచుకు అదిమేస్తుంది. తొడుగు నిటారుగా నిలబడిపోతుంది. రైఫిల్ ఆగిపోతుంది.

ఎజెక్టర్లు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి రైఫిల్ శరీరానికి కదలకుండా బిగించి ఉండేది. బోల్ట్ ఎంత వేగంగా వస్తే తొడుగు అంత దూరం ఎగురుతుంది. రెండోది బోల్ట్ ముఖంలోనే స్ప్రింగ్‌తో కూర్చున్న చిన్న మేకు లాంటిది. కిటికీ అంచు దాటగానే తొడుగును తన బలంతో నెట్టేస్తుంది. ఎజెక్టర్ ఏ మూల ఉంటే తొడుగు దానికి ఎదురు మూలకు ఎగురుతుంది. అంటే స్కోప్ ఎక్కడ పెట్టొచ్చు, ఎక్కడ పెట్టకూడదన్నది రైఫిల్ గీసిన రోజే దాదాపు తేలిపోతుంది.

పైకి చిమ్మితే తంటా

ఈ పాఠాన్ని మొదట నేర్పింది సైన్యం కాదు, అమెరికా వేటగాళ్లు. లీవర్‌తో పనిచేసే వించెస్టర్ 1894 మోడల్ ఖాళీ తొడుగును నేరుగా పైకి చిమ్మేది. ఇనుప గురితో కాల్చినన్నాళ్లూ ఎవరికీ ఇబ్బంది లేదు. స్కోప్‌ల వాడకం పెరిగాక దాన్ని నడిమధ్యన బిగించే వీలు లేకుండా పోయింది. పోటీ కంపెనీ మార్లిన్ 1889లోనే తొడుగును పక్కకు పంపే డిజైన్ తెచ్చింది. దాంతో స్కోప్ కావాలనుకున్న వేటగాళ్లు మార్లిన్ వైపు మొగ్గారు. వించెస్టర్ తన తొడుగులను పక్కకు వాల్చి పంపడానికి 1980ల దాకా ఆగాల్సి వచ్చింది.

సైనిక తరహా రైఫిళ్లలో ఇంతకన్నా సూటి ఉదాహరణ రూగర్ మినీ-14. అమెరికా సైన్యం వాడిన ఎం14ను చిన్నది చేసినట్టుండే ఈ రైఫిల్ 1970ల్లో మార్కెట్‌లోకి వచ్చింది. రైతులు, పోలీసులు బాగా ఇష్టపడ్డారు. స్కోప్ పెట్టినవాళ్లకు మాత్రం తలనొప్పి మొదలైంది. తొడుగులు బాగా ఎత్తుగా ఎగిరి, కిందికి బిగించిన స్కోప్‌ను కొట్టేవి. రూగర్ 1982లో రాంచ్ రైఫిల్ పేరుతో మార్చిన మోడల్ తెచ్చింది. స్కోప్ కూర్చునే గాళ్లు రైఫిల్ శరీరమైన రిసీవర్‌లోనే చెక్కింది. వెనక గురిని మడిచేలా చేసింది. అన్నిటికన్నా ముఖ్యంగా ఎజెక్టర్‌ను మార్చి తొడుగులు తక్కువ ఎత్తులో పక్కకు వెళ్లేలా చూసింది. పట్టీ అమర్చితే సరిపోదని, తొడుగు దారిని కూడా మార్చాలని తయారీదారే ఒప్పుకున్న సందర్భం ఇది.

సోవియట్ ఎస్‌కేఎస్‌దీ ఇలాంటి బాధే. పదేసి తూటాలున్న క్లిప్పును పైనుంచి దూర్చి నింపే రైఫిల్ అది. తొడుగులు పైకి, ముందుకు ఎగురుతాయి. దాని పైమూత మీద బిగించే చవక పట్టీలు బజార్లో చాలానే వచ్చాయి. వాటితో రెండు రకాల చిక్కు. కిందికి అమరిస్తే తొడుగు తగులుతుంది. పైకి లేపితే బరువు పెరిగి, కొద్దిగా ఊగులాడే ఆ మూత మరింత ఊగుతుంది. రెండు సందర్భాల్లోనూ గురి నిలవదు.

యుద్ధం వెతికిన అడ్డదారులు

రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాలు ఎక్కువగా ఉన్న రైఫిల్‌కే స్కోప్ తగిలించుకున్నాయి. అప్పటి రైఫిళ్లలో చాలావాటికి తూటాలు నింపేదీ పైనుంచే, ఖాళీ తొడుగు వచ్చేదీ పైనుంచే. సరిగ్గా అక్కడే స్కోప్ పెట్టాలి. ఒక్కో దేశం ఒక్కో రాజీ కుదుర్చుకుంది.

అమెరికా ఎం1903ఏ4 మీద స్కోప్‌ను నడిమధ్యన పెట్టి, క్లిప్పుతో ఒక్కసారిగా తూటాలు నింపే సౌకర్యాన్ని వదులుకుంది. స్నైపర్ ఒక్కో తూటాను వేలితో నింపుకోవాలి. సోవియట్ సైన్యం మోసిన్-నాగంత్‌కు ఎడమవైపు ఉక్కు చట్రం బిగించి 3.5 రెట్ల పీయూ స్కోప్ పెట్టింది. బోల్ట్ పిడి స్కోప్‌కు తగలకుండా దాన్ని పొడవు చేసి కిందికి వంచింది. బ్రిటన్ నెం.4 రైఫిళ్లలో బాగా గురి కుదిరినవి ఏరి, 20 వేలకు పైగా రైఫిళ్లను లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ సంస్థ చేత స్నైపర్ రైఫిళ్లుగా మార్పించింది. చట్రం ఎడమ గోడకు బిగించి, రెండు పెద్ద మరలతో స్కోప్ ఊడదీసుకునేలా చేసింది. ఏ స్కోప్ ఏ రైఫిల్‌కో కలిసిపోకుండా స్కోప్ నెంబరును భుజానికి ఆనించే బట్ మెడ మీద చెక్కించేవారు.

అన్నిటికన్నా కష్టం అమెరికా ఎం1 గరాండ్‌తో వచ్చింది. ఎనిమిది తూటాలున్న ఉక్కు క్లిప్పు మొత్తంగా పైనుంచి లోపలికి వెళ్తుంది. ఆఖరి తూటా పేలగానే ఖాళీ క్లిప్పు టింగుమంటూ పైకి ఎగురుతుంది. తొడుగులు పైకి, క్లిప్పు పైకి. ఇక స్కోప్‌కు నడిమధ్యన చోటెక్కడిది? ఎం1సీ, ఎం1డీ మోడళ్లలో దాన్ని పూర్తిగా ఎడమకు జరిపారు. సైనికుడి చెంప బట్ మీద సరిగ్గా ఆనక తోలు మెత్త కట్టాల్సి వచ్చింది. జపాన్ కూడా తన 97 మోడల్ స్నైపర్ రైఫిల్‌లో క్లిప్పు దారి వదిలేందుకు స్కోప్‌ను ఎడమకే జరిపింది.

పక్కకు జరపడానికి లెక్కల్లో మూల్యం ఉంది. స్కోప్ తుపాకీ గొట్టానికి రెండు సెంటీమీటర్లు ఎడమగా ఉండి, 100 మీటర్ల దగ్గర గురి కలిపారనుకోండి. అంతకు ముందు బుల్లెట్ చూపు గీతకు కుడిపక్కన ఉంటుంది. 100 దాటాక ఎడమపక్కకు పోతుంది. 200 మీటర్ల దగ్గర తేడా మళ్లీ రెండు సెంటీమీటర్లు. స్నైపర్ దూరంతో పాటు ఈ తేడానూ మనసులో పెట్టుకోవాలి.

జర్మనీ ఇంకో దారి పట్టింది. జడ్‌ఎఫ్41 అనే చిన్న 1.5 రెట్ల స్కోప్‌ను రిసీవర్ దాటించి, ముందున్న వెనక గురి దిమ్మ మీద బిగించింది. బోల్ట్‌కు, క్లిప్పుకు, తొడుగుకు దేనికీ అడ్డు లేదు. కంటికి అంత దూరంలో ఉన్న స్కోప్‌లో కనిపించేది మాత్రం చాలా కొద్ది మేర. తొడుగు గెలిచింది, కన్ను ఓడింది.

బ్రెన్ అనే తేలికపాటి మెషిన్ గన్ సంగతి మరీ తమాషా. మ్యాగజైన్ పైన నిలబడుతుంది, ఖాళీ తొడుగులు కిందికి రాలుతాయి. మ్యాగజైన్ చూపుకు అడ్డు కాబట్టి ఇనుప గురిని కూడా ఎడమపక్కకు జరిపారు. మన సైన్యం దశాబ్దాల పాటు వాడిన ఎల్‌ఎంజీ ఈ బ్రెన్ వంశానిదే.

ఏకే మూత, ఎడమ గోడ

ఏకే రైఫిల్ తొడుగులను కుడివైపుకు, కాస్త ముందుకు బలంగా విసురుతుంది. ఆ లెక్కన పైన స్కోప్ పెట్టడానికి తొడుగు అడ్డు కాదు. అడ్డు పైమూతే. పల్చటి రేకు మూత, వెనక ఒక బొడిపెతో పట్టి ఉంటుంది. శుభ్రం చేసిన ప్రతిసారీ తీసి పెట్టాలి. తీసి పెట్టిన ప్రతిసారీ వెంట్రుకవాసి అటూ ఇటూ అవుతుంది. దాని మీద ఉన్న స్కోప్ గురి కూడా అంతే. ఆ వెంట్రుకవాసి 300 మీటర్ల దగ్గర పెద్ద తేడాగా మారుతుంది.

సోవియట్ ఇంజనీర్లు అందుకే మూతను వదిలి రిసీవర్ ఎడమ గోడను ఎంచుకున్నారు. అక్కడ ఉక్కు పట్టీని రివెట్లతో బిగించారు. రాత్రి చూపు స్కోప్ పెట్టడానికి వీలుగా తయారైన ఏకేఎంఎన్ వంటి మోడళ్లలో మొదలైన ఆ పట్టీ, 1991 నాటి ఏకే-74ఎంతో అన్ని రైఫిళ్ల మీదకూ వచ్చింది. 1963లో సైన్యంలో చేరిన డ్రాగునోవ్ స్నైపర్ రైఫిల్‌దీ ఇదే పద్ధతి. దాని పీఎస్‌ఓ-1 స్కోప్ ఎడమ గోడ నుంచి లేచి పైకి వంగుతుంది. కింద ఇనుప గురికి దారి తెరిచే ఉంటుంది. కుడి పక్క తొడుగు కిటికీ జోలికి ఏదీ పోదు.

ఈ పరిష్కారంలోనూ మెలిక ఉంది. ఏకే-74ఎం బట్ ఎడమవైపుకే మడుస్తారు. స్కోప్ ఉంటే మడతకు అడ్డు.

మన సైనికులకు ఎస్‌ఎల్‌ఆర్‌గా తెలిసిన ఎఫ్‌ఎన్ ఫాల్ కుటుంబంలో పైమూత జారి తెరుచుకుంటుంది. బ్రిటిష్ సైన్యం దాని స్థానంలో మరింత గట్టి మూత పెట్టించి ట్రైలక్స్ స్కోప్ బిగించింది. జర్మన్ జీ3 రైఫిల్ అయితే తొడుగులను కొన్ని గజాల దూరం విసిరేస్తుంది. దాని స్కోప్‌ను రిసీవర్‌ను గోళ్లలా పట్టుకునే చట్రంతో పైన ఎత్తుగా నిలబెడతారు. కిటికీ వెనక తొడుగు దెబ్బ కాచుకునే చిన్న దిమ్మ కూడా అమరుస్తారు.

పళ్ల పట్టీ వచ్చాక

అమెరికా ఎం16 తొలి మోడళ్లలో పైన మోసే పిడి ఉండేది. స్కోప్ పెట్టాలంటే ఆ పిడి మీద, కంటికి చాలా ఎత్తులో పెట్టాలి. పిడి తీసేసి పైభాగాన్ని చదును చేశాక కథ మారింది. న్యూజెర్సీలోని పికాటినీ ఆయుధశాల పేరుతో పిలిచే పళ్ల పట్టీకి 1995 ఫిబ్రవరిలో సైనిక ప్రమాణం ఖరారైంది. గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, ఒక గాడి మధ్య నుంచి తర్వాతి గాడి మధ్యకు 10.01 మిల్లీమీటర్లు. ఏ కంపెనీ స్కోప్ అయినా, ఏ కంపెనీ రైఫిల్ మీదైనా కూర్చుంటుంది. ఊడదీసి మళ్లీ అదే గాట్లో పెడితే గురి దాదాపు అక్కడే ఉంటుంది. నాటో 2009లో ఇదే పట్టీని మరింత పదునుపెట్టి తన ప్రమాణం చేసుకుంది.

ఎం16 కుటుంబంలో బోల్ట్ గొట్టంలా మూసిన రిసీవర్ లోపల నడుస్తుంది. పైన తెరిచే మూతే లేదు. కిటికీ కుడి గోడలో ఉంటుంది. పట్టీ రిసీవర్‌లో భాగం. ఊగే మూత బెడద, పైకి ఎగిరే తొడుగు బెడద రెండూ ఒకేసారి తీరాయి. అయినా ఎడమచేతివాటం సైనికుల చెంపలకు వేడి తొడుగులు తగిలేవి. 1980ల్లో వచ్చిన ఎం16ఏ2లో కిటికీ వెనక చిన్న గుబ్బ చేర్చారు. తొడుగు దానికి కొట్టుకుని పక్కకు పోతుంది.

ఎత్తు పెరిగితే మరో లెక్క ఉంది. ఈ రైఫిళ్ల మీద చూపు గీత గొట్టం కన్నా ఆరు సెంటీమీటర్లకు పైనే ఉంటుంది. 100 మీటర్లకు గురి కలిపిన రైఫిల్‌తో పది మీటర్ల దూరంలో కాలిస్తే బుల్లెట్ చూసిన చోటుకు ఐదారు సెంటీమీటర్లు కింద తగులుతుంది. గదుల్లో పోరాడే కమాండోలకు ఈ లెక్కను ప్రత్యేకంగా నేర్పిస్తారు.

కొందరు డిజైనర్లు తొడుగు దారినే మార్చేశారు. బెల్జియం పీ90 తొడుగులను కిందికి రాలుస్తుంది. అదే దేశపు ఎఫ్2000 వాటిని ముందుకు నడిపించి గొట్టం పక్కనుంచి వదులుతుంది. ఆస్ట్రియా స్టెయర్ ఏయూజీలో 1.5 రెట్ల స్కోప్ రిసీవర్‌తో కలిసే పుట్టింది. బోల్ట్ మారిస్తే తొడుగులు ఎడమకు కూడా పంపొచ్చు.

తొడుగు చెప్పే జాతకం

తుపాకులు బాగుచేసే అనుభవజ్ఞుడైన ఆర్మరర్‌కు నేల మీద పడ్డ తొడుగులే సగం సమాచారం ఇస్తాయి. రైఫిల్ ముఖాన్ని గడియారంలో 12 అనుకుని, తొడుగులు ఏ అంకె వైపు పడుతున్నాయో చూస్తారు. మూడు, నాలుగు అంకెల మధ్య ఒకే చోట కుప్పగా పడితే ఎం16 తరహా రైఫిల్ ఆరోగ్యంగా ఉన్నట్టు. స్కోప్ బిగించాక ఆ కుప్ప చెదిరిపోతే, కొన్ని తొడుగులు వెనక్కి పడుతుంటే, ఏదో తగులుతోందని అర్థం.

ఇంకో సాక్ష్యం స్కోప్ మీదే ఉంటుంది. గురిని కుడి ఎడమలకు సర్దే మర స్కోప్‌కు కుడిపక్కన, చాలాసార్లు కిటికీకి సరిగ్గా పైన ఉంటుంది. దాని అడుగున పసుపు రంగు గీతలు కనిపిస్తే అవి ఇత్తడి మరకలే. పట్టీ అంచు కిటికీ మీదకు పొడుచుకొచ్చినా, స్కోప్‌ను పట్టే రింగు బోల్టు తల బయటికి ఉన్నా అవే గీతలు పడతాయి. నాలుగు రౌండ్లు కాల్చి బాగుందనుకుంటే చాలదు. మురికి పట్టిన రైఫిల్‌లో బోల్ట్ నెమ్మదిస్తుంది, తొడుగు దూరం పోదు. శుభ్రమైన రైఫిల్‌లో అంగుళం తేడాతో తప్పించుకున్న తొడుగు, మురికి రైఫిల్‌లో పట్టీకి తగిలి ఆగిపోతుంది.

మన చేతుల్లోని రైఫిళ్లు

ఇషాపూర్‌లో తయారైన ఎస్‌ఎల్‌ఆర్, ఆ తర్వాత 1990ల్లో వచ్చిన ఇన్సాస్ రెండూ ఇనుప గురి కాలపు ఆలోచనలు. రెంటికీ పైమూత ఊడొస్తుంది. వాటి మీద పట్టీ పెట్టడమంటే ముందుగా ఆ మూతను గట్టి చేయడమే. బెంగళూరుకు చెందిన ఎస్‌ఎస్‌ఎస్ డిఫెన్స్ వంటి సంస్థలు పాత ఏకేలకు కొత్త పట్టీల కిట్లు తయారు చేస్తున్నాయి.

కొత్త తరం దీనికి పూర్తిగా వేరు. 2019లో 72,400 సిగ్ 716 రైఫిళ్లకు ఒప్పందం కుదిరింది. 2024లో మరో 73 వేలకు ఆర్డర్ వెళ్లింది. వాటి పైభాగమంతా పికాటినీ పట్టీయే. ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లా కోర్వాలో రష్యాతో కలిసి తయారుచేస్తున్న ఏకే-203 కోసం 2021 డిసెంబర్‌లో 6,01,427 రైఫిళ్ల ఒప్పందం జరిగింది. పాత ఏకే మూత జబ్బుకు ఇందులో మందు వేశారు. మూత ముందు అంచుకు కీలు ఉంది. మూత తెరుచుకుంటుంది తప్ప ఊడి రాదు. అందుకే దాని మీది పట్టీ నమ్మదగింది.

తెలుగు నేలకూ ఇందులో వాటా ఉంది. పుణెలోని రక్షణ పరిశోధన సంస్థ ఏఆర్‌డీఈ, హైదరాబాద్‌కు చెందిన ద్వీప ఆర్మర్ కలిసి 7.62 మిల్లీమీటర్ల ఉగ్రం రైఫిల్‌ను 2024 జనవరిలో ఆవిష్కరించాయి. మచిలీపట్నంలో 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీగా పుట్టి 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికి వచ్చిన కర్మాగారం సైన్యానికి రాత్రి చూపు పరికరాలు అందిస్తోంది. ఒక ఊళ్లో రైఫిల్, ఇంకో ఊళ్లో స్కోప్ తయారవుతాయి. రెండూ కలిసేది మాత్రం సైనికుడి చేతిలోనే.

చిక్కంతా అక్కడే. రైఫిల్‌ను ఒక టెండర్‌లో, స్కోప్‌ను మరో టెండర్‌లో, రాత్రి చూపు పరికరాన్ని ఇంకో ఏడాది కొంటే ఒక్కోటి తన పరీక్షలో నెగ్గుతుంది. మూడూ ఒకే పట్టీ మీద ఎక్కాక తొడుగు దారి ఎలా ఉంటుందో విడి పరీక్షలు చెప్పవు. బ్రిటన్ తన ఎల్‌85ను దాదాపు 15 ఏళ్లు వాడాక మరమ్మతుకు పంపాల్సి వచ్చింది. రూగర్ తన మినీ-14ను సరిదిద్దుకోవడానికి దాదాపు దశాబ్దం పట్టింది. మన సైన్యం, రాష్ట్రాల పోలీసు విభాగాలు ఇప్పుడు లక్షల కొద్దీ పట్టీలున్న రైఫిళ్లు కొంటున్నాయి. స్కోప్ బిగించి, దుమ్ములో దొర్లించి, కుడి భుజం మీద ఒకసారి, ఎడమ భుజం మీద ఒకసారి వందల రౌండ్లు కాల్చి, తొడుగులు ఎక్కడ పడ్డాయో గుర్తులు వేసిన కాగితాన్ని కొనుగోలు ఫైలులో తప్పనిసరి చేయాలి. దానికయ్యే ఖర్చు కొన్ని పెట్టెల తూటాలే.